తీర్మానంలో కొత్త మాట

లన్యేరో ఆ మాటను మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకుంది.

కంపాలా శివార్లలో, సరస్సు ఒడ్డునున్న పెద్ద హోటల్లో మహాసభ మొదలై అది పదో రోజు. యుద్ధ నేరాలను విచారించే అంతర్జాతీయ న్యాయస్థానం చట్టాన్ని సవరించడానికి వందకు పైగా దేశాలు వచ్చి కూర్చున్నాయి. ఉగాండా ప్రభుత్వ న్యాయవాదుల్లో ఒకరైన లన్యేరోను ఆ పదిహేను రోజులకూ ముసాయిదా కమిటీకి పంపారు. ఆమె పని వినడానికి చిన్నదే. సాయంత్రం చర్చలో ఏ మాటల మీద ఒప్పుకున్నారో, మర్నాడు ఉదయం అచ్చయి వచ్చిన ప్రతిలో సరిగ్గా అవే మాటలు ఉన్నాయో లేదో చూడాలి. కామాలతో సహా చూడాలి.

ఆ ఉదయం ఆమె ముందున్నది నీళ్ళ తీర్మానం. రెండు దేశాలు కొట్టుకుంటున్నప్పుడు జనం తాగే బావులను పాడుచేస్తే నేరమని చట్టంలో అప్పటికే ఉంది. ఒకే దేశంలో, ఒకే నేల మీద మనుషులు రెండు పక్షాలుగా చీలి కొట్టుకుంటే మాత్రం ఆ చట్టం నోరెత్తేది కాదు. ఆ లోటు పూడ్చడానికే ఈ తీర్మానం. అసలు వాక్యం ఒక్కటే. జనానికి నీళ్ళు అందకుండా చేసే ఉద్దేశంతో బావులను, ఊటలను, చెరువులను ధ్వంసం చేయడం యుద్ధ నేరం. నిన్న సాయంత్రం నలభై మంది బల్ల చుట్టూ కూర్చుని ఒప్పుకున్న వాక్యం అది. లన్యేరో తన చేత్తో రాసుకుంది.

ఇవాళ్టి ప్రతిలో 'కేవలం జనానికి నీళ్ళు అందకుండా చేసే ఉద్దేశంతో' అని ఉంది.

ఆమె తన నోట్‌బుక్ తీసి చూసింది. లేదు. పక్క గదిలోకి వెళ్ళి ఫ్రెంచి ప్రతి తెచ్చుకుంది. అందులోనూ లేదు. అంటే అనువాదం అయిపోయాక, నిన్న రాత్రికీ ఇవాళ ఉదయానికీ మధ్య, ఇంగ్లీషు ప్రతిలోకి ఎవరో ఆ మాటను చొప్పించారు.

ఆ మాట ఎంత పని చేస్తుందో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. బావి పూడ్చిన ఏ నాయకుడైనా బోనులో నిలబడి, 'శత్రువు కూడా ఆ నీళ్ళే తాగుతున్నాడయ్యా, నా ఉద్దేశం కేవలం జనాన్ని ఎండగట్టడం కాదు' అంటాడు. అంతటితో చేతులు దులుపుకుని ఇంటికి పోతాడు.

ఆమె ప్రతిని మడిచి సంచిలో పెట్టుకుని కింది అంతస్తులోని పత్రాల గదికి నడిచింది.

ఆ గది సెకితొలెకోది. దక్షిణాన మసాకా ప్రాంతపు మనిషి, యాభై ఆరేళ్ళు, పొట్ట మీదికి లాగి కట్టిన బెల్టు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వం తరఫున జరిగే ప్రతి సభలో కాగితాలన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్ళేవి. లన్యేరో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫైలు ఎలా చదవాలో నేర్పింది ఆయనే.

"రా చెల్లీ, రా. ముఖం అలా పెట్టావేంటి? మా మతోకె పడలేదా? జొన్న ముద్ద తినే ఉత్తరాది కడుపుకి అరటికాయ అరగడం కష్టంలే."

"అన్నా, నీళ్ళ తీర్మానం తాజా ప్రతి ఎవరిచ్చారు నీకు?"

"ఎవరిస్తారు? రోజూ ఇచ్చేవాళ్ళే."

"అందులో ఒక మాట ఎక్కువుంది."

సెకితొలెకో కళ్ళజోడు పెట్టుకోలేదు. ఏ మాట అని అడగలేదు. యంత్రంలోంచి వస్తున్న కాగితాల దొంతర సర్దుతూ, "వంద కాగితాలు తిరుగుతుంటాయి తల్లీ. కమిటీలో అడుగు" అన్నాడు.

ఏ మాట అని అడగకపోవడమే ఆమెను పట్టుకుంది. కామా పక్కకు జరిగితే పెన్ను పుచ్చుకుని లేచే మనిషి ఈయన.

"మార్పుల పుస్తకం ఒకసారి చూస్తాను."

"ఇప్పుడా? మధ్యాహ్నం రా."

"ఇప్పుడే."

ఆయన బల్ల సొరుగులోంచి పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాడు. నిన్నటి తేదీ కింద నీళ్ళ తీర్మానం పేరు ఉంది. పక్కన 'ఒక సవరణ' అని, ఎవరి ఆదేశం అన్న గడి ఖాళీగా ఉంది. చివర సెకితొలెకో పొట్టి సంతకం.

"ఈ గడి ఎందుకు ఖాళీగా ఉందన్నా?"

"మర్చిపోయుంటాను."

"నువ్వా?"

"ముసలాణ్ణవుతున్నాను చెల్లీ" అని నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మెట్లెక్కుతుంటే లన్యేరోకు ముందురోజు మధ్యాహ్నం కనబడిన దృశ్యం గుర్తుకొచ్చింది. సరస్సు వైపు వసారాలో సెకితొలెకో వేయించిన చేప తింటున్నాడు. ఆయనకు ఎదురుగా, అదే పళ్ళెంలోంచి వేళ్ళతో ముళ్ళు ఏరుకుంటూ, ఒక పెద్ద దేశపు న్యాయ సలహాదారు. పొడుగాటి మనిషి, సూటు చేతులు పైకి మడిచి ఉన్నాడు. ఈ తీర్మానాన్ని మొదటినుంచీ సాగదీస్తున్నది ఆ దేశమే. వాళ్ళకు దూరదేశాల్లో చాలా స్నేహాలు ఉన్నాయి, ఆ స్నేహితుల్లో కొందరు బావుల జోలికి వెళ్ళిన చరిత్ర ఉంది. నిన్న ఆ చేపల పళ్ళెం చూసి ఆమె ఏమీ అనుకోలేదు. ఇవాళ దాన్ని మర్చిపోదామన్నా వీలుకాలేదు.

ఆ తర్వాత రెండు గంటలూ ఆమె ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. కారిడార్లో నవ్వుతూ పలకరించిన ప్రతివాడూ ఆ మాట గురించి తెలిసే నవ్వుతున్నట్టు అనిపించింది. కమిటీ గుమాస్తా ఆమెను చూసి ఫోను పెట్టేస్తే అదీ అనుమానమే. అధ్యక్షుడి గది తలుపు మూసి ఉంటే అదీ అనుమానమే. పచ్చికలో పెద్ద కొంగలు బోడి తలలు వంచుకుని నిలబడి ఉంటే, అవి కూడా ఏదో దాస్తున్నట్టు కనిపించి, తన మీద తనకే చిరాకు వేసింది.

మధ్యాహ్నం, ఉత్తరాన గులు దగ్గర పల్లెలో ఉన్న అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, మన ఊట పూడ్చిన రోజు నీకు గుర్తుందా?"

"ఇదేం వేళే, ఇదేం ప్రశ్న? అన్నం తిన్నావా?"

"తిన్నాను. చెప్పు."

"గుర్తులేకేం. చచ్చిన మేకల్ని వేసి, పైన రాళ్ళు పోశారు తుపాకులవాళ్ళు." ఏ పక్షపు తుపాకులో అమ్మ ఎప్పుడూ చెప్పేది కాదు. ఆ ప్రాంతంలో ఆమె వయసు ఆడవాళ్ళెవరూ చెప్పరు.

"వాళ్ళ నాయకుడు ఏమన్నాడు?"

"ఏమంటాడు? అవతలివాళ్ళు వచ్చి తాగుతున్నారు, అందుకే పూడ్చాం, మీమీద మాకేం పగ లేదు తల్లుల్లారా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ వారం మీ పిన్ని చంటిది పోయింది, బురదనీళ్ళు తాగి. ఎందుకే ఇదంతా ఇప్పుడు?"

"ఊరికే అమ్మా."

"ఊరికే అడిగే మనిషివి కాదు నువ్వు. సరే, వేళకి తిను."

లన్యేరో ఫోన్ పెట్టేసింది. ఆ నాయకుడు ఇరవై ఏళ్ళ కిందట చెప్పిన సాకుకు సరిగ్గా సరిపోయేలా ఇవాళ చట్టంలో మాట కుట్టారు. కుట్టినవాడు తనకు ఫైలు చదవడం నేర్పినవాడు.

ఆమె నేరుగా భోజనశాలకు వెళ్ళింది. సెకితొలెకో పత్రాల గది వాళ్ళతో కలిసి పల్లీల పులుసు పోసుకుని తింటున్నాడు. పక్క బల్లల్లో అనువాదకులు, డ్రైవర్లు, రెండు మూడు దేశాల గుమాస్తాలు ఉన్నారు.

"ఆ చేప రుచిగా ఉందా అన్నా?"

"ఏ చేప?"

"నిన్న వసారాలో తిన్నది. దానికి బదులుగా నువ్వు వడ్డించిన మాట నేను చూశానులే."

బల్ల దగ్గర చెంచాల చప్పుడు ఆగిపోయింది. సెకితొలెకో నోట్లోని ముద్ద మింగి, నీళ్ళు తాగాడు.

"ఇక్కడ వద్దు."

"ఎందుకు వద్దు? ఇరవై రెండేళ్ళు నమ్మకస్తుడనిపించుకున్నావు. ఒక్క పళ్ళెం చేపకి అమ్ముడుపోయావని వీళ్ళకి కూడా తెలియాలి కదా. మీ మసాకాలో ఎవరి ఊటా ఎవడూ పూడ్చలేదు కాబట్టి నీకేం."

చివరి మాట అనకుండా ఉండాల్సిందని అంటుండగానే ఆమెకు తెలిసింది. కానీ అప్పటికే నోరు జారింది. సెకితొలెకో లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో కోపం ఉండుంటే ఆమెకు ఎంతో తేలికగా ఉండేది.

"మేడమ్, అధ్యక్షుల వారిని అడగండి" అని, ఎంగిలి పళ్ళెం తనే తీసుకుని వెళ్ళిపోయాడు.

ముసాయిదా కమిటీ అధ్యక్షుడు బెల్‌ఫోర్ సముద్రం మధ్యలోని ఒక చిన్న దేశపు రాయబారి. తెల్లజుట్టు, మెత్తని గొంతు. ఎంతటి తగాదానైనా టీ కప్పు చల్లారేలోగా సర్దుబాటు చేస్తాడని పేరు. లన్యేరో ప్రతి చూపించగానే ఆయన చుట్టూ చూసి, ఆమెను పచ్చిక మీదికి తీసుకెళ్ళాడు.

"పట్టుకున్నారన్నమాట. రేపటిదాకా ఎవరూ చూడరనుకున్నాను."

"మీరే పెట్టించారా సార్?"

"నిన్న రాత్రి చిన్న గదిలో ఆరు దేశాలవాళ్ళం కూర్చున్నాం. ఆ మాట లేకపోతే ఓటింగ్ అడుగుతామన్నారు ఆ పెద్ద దేశంవాళ్ళు. ఓటింగ్ అంటే ఏంటో మీకు తెలుసు. హాజరైనవాళ్ళలో కాదు, మొత్తం సభ్యదేశాల్లో మూడింట రెండు వంతులు కావాలి. ఎంతమంది రానేలేదు, ఎంతమంది టికెట్లు ముందుకు జరుపుకుని వెళ్ళిపోయారు, లెక్క మీరే చూడండి. ఓడిపోతాం. అందరూ ఒప్పుకుంటే ఓటే అక్కర్లేదు."

"మరి ఎవరికీ చెప్పకుండా?"

"వాళ్ళ రాజధానినుంచి ఇవాళ సాయంత్రానికి సరే అని జవాబు రావాలి. ఈలోగా బయటికి పొక్కితే ఇంకో పది దేశాలు ఇంకో పది మాటలు అడుగుతాయి. మీ పత్రాల గది పెద్దాయన చేత ఒట్టు వేయించుకున్నాను. మార్పు నా పేరు మీద రాయొద్దని అడిగింది కూడా నేనే. ఆయనకి ఇష్టం లేదు. గడి ఖాళీగానైనా వదిలేస్తాను గానీ అబద్ధం మాత్రం రాయనన్నాడు."

లన్యేరోకు భోజనశాలలో తను అన్న మాటలు గుర్తొచ్చాయి.

"ఆ మాటతో ఒక్కడికీ శిక్ష పడదు సార్."

"పడకపోవచ్చు." బెల్‌ఫోర్ సరస్సు వైపు చూశాడు. "కానీ నేరమని రాసి ఉంటుంది. ఇవాళ అది కూడా లేదు."

ఆయన చెప్పిందంతా నిజమేనా, సగమేనా అన్నది ఆమెకు అంతుపట్టలేదు. అంత మెత్తగా మాట్లాడే మనిషిని చూస్తే ఆమెకు మొదటినుంచీ కొంచెం బెరుకే. రేపు తను సభలో లేచి గొడవ చేస్తే అసలు తీర్మానమే పోవచ్చు. నోరు మూసుకుంటే ఆ నాయకుడి సాకు చట్టమై కూర్చుంటుంది. ఆమె గంటసేపు అక్కడే ఒక బెంచీ మీద కూర్చుని, చివరికి లేచి కింది అంతస్తుకి వెళ్ళింది.

సెకితొలెకో ఒక్కడే ఉన్నాడు.

"అన్నా, నన్ను తిట్టు."

"తిట్టడానికి తీరిక లేదు మేడమ్. నాలుగు వందల ప్రతులు వెయ్యాలి."

"ఆ పెద్దమనిషితో చేప ఎందుకు తిన్నావు? అది ఒక్కటి చెప్పు."

"ఆయన కూతురికి చెట్టుబెరడు గుడ్డ కావాలంట. నాణ్యమైనది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మా మేనమామ చేస్తాడని చెప్పాను. దానికి కూడా మీ అనుమతి తీసుకోవాలని తెలీలేదు."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. యంత్రం కాగితాలు కక్కుతూనే ఉంది. ఆయనే, ఆమె వైపు చూడకుండా, అడిగాడు.

"ఏం చేద్దామనుకుంటున్నారు?"

"ఆ మాట తీయించలేను. ఉంచలేను."

"చట్టంలో మాట జోలికి పోకండి. అక్కడ అందరి కళ్ళూ ఉంటాయి." ఆయన అలమారలోంచి పాత సభల కాగితాల కట్ట ఒకటి దించి, వెనక పుటలు తెరిచాడు. "ఇదిగో, తీర్మానానికి అనుబంధం. 'ఈ సభ అవగాహన ఏమిటంటే' అని ఇక్కడ నాలుగు ముక్కలు రాస్తారు. విందుకి పోయే తొందర్లో దీన్నెవడూ చదవడు. కానీ పదేళ్ళ తర్వాత ఏ జడ్జికైనా చట్టంలో మాటకి అర్థమేంటని సందేహం వస్తే, వచ్చి తవ్వేది ఇక్కడే. ఆ మాట పెట్టినవాళ్ళు అసలేమనుకున్నారని చూస్తారు."

"మనం ఏం రాయాలి?"

"మీరే లాయరు. నేను కాగితాలు మోసేవాణ్ణి."

ఆ మాట గుచ్చుకుంది. అయినా ఆమె అక్కడే ఆ బల్ల అంచున కూర్చుని రాసింది. నాలుగుసార్లు కొట్టేసింది. ఐదోసారికి వాక్యం కుదిరింది: 'తనకు వేరే ఉద్దేశం కూడా ఉండేదని నిందితుడు చెప్పినంత మాత్రాన ఈ నేరం నేరం కాకుండా పోదని ఈ సభ అవగాహన.' సెకితొలెకో కళ్ళజోడు పెట్టుకుని చదివి, 'చెప్పినంత మాత్రాన' దగ్గర వేలు పెట్టి, "ఇది ఉండనివ్వండి. ఇది లేకపోతే వాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు.

సాయంత్రం బెల్‌ఫోర్ ఆ కాగితం చదివి ముసిముసిగా నవ్వాడు.

"దీన్ని మీరు రాయలేదు. నేను రాశాను. సరేనా?"

"సరే సార్."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆమెకు నచ్చలేదు. ఇందులో తనకు కనబడని మెలిక ఏదైనా ఉందా అని ఇంటికి వెళ్ళేదాకా వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూనే ఉంది.

మర్నాడు పదకొండింటికి పెద్ద సభ. బెల్‌ఫోర్ తీర్మానాన్ని, అనుబంధాన్ని ఒకే గొంతుతో, ఒకే వేగంతో చదివేశాడు. అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. పొడుగాటి సలహాదారు అనుబంధం పుట తిప్పి చదివాడు. మళ్ళీ చదివాడు. పది నిమిషాలు వ్యవధి కావాలని లేచి, అద్దాల తలుపు బయట ఫోన్లో మాట్లాడాడు. తలుపు ఇవతల లన్యేరోకు ఆయన పెదాలు కదలడం ఒక్కటే కనబడింది. ఒకసారి నవ్వాడు కూడా. ఆ నవ్వు ఎందుకో ఆమెకు అర్థంకాలేదు.

తిరిగి వచ్చి ఆయన మైకు నొక్కాడు. "అనుబంధం చట్టంలో భాగం కాదన్నది మా దేశ అభిప్రాయమని రికార్డులో నమోదు చేయండి. ఆ మేరకు మాకు అభ్యంతరం లేదు."

లన్యేరో చటుక్కున బెల్‌ఫోర్ వైపు చూసింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఇది కూడా ముందే మాట్లాడుకున్నారా? ఆ ప్రశ్న ఆమె మనసులో పూర్తయ్యేలోపే చెక్కసుత్తి బల్ల మీద పడింది. తీర్మానం ఏకగ్రీవం. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది, తప్పదు కాబట్టి.

తర్వాత ఏడేళ్ళకు హేగ్‌లో ఉన్న ఆ అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు ఒక కేసు వచ్చింది. వేరే ఖండపు దేశం, వేరే యుద్ధం, పూడ్చింది తొమ్మిది బావులు. ప్రతివాది లాయరు 'కేవలం' అన్న మాటను పట్టుకుని రెండు రోజులు వాదించాడు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు కంపాలా తీర్మానపు అనుబంధాన్ని తవ్వి తీశారు. దేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకున్న అవగాహన ఇదీ, దీన్ని పక్కన పెట్టి ఆ మాటను చదవలేమన్నారు. పద్నాలుగేళ్ళు శిక్ష వేశారు. మూడో జడ్జి మాత్రం ఆ పెద్ద దేశం రికార్డు చేయించిన వాక్యాన్ని ఎత్తిచూపి, తీర్మానం వేరు, చట్టం వేరు అని విడిగా రాశాడు. అప్పీలు దాఖలైంది.

లన్యేరో ఆ ఇద్దరు జడ్జీల తీర్పును ఒక్కసారి చదివింది. ఆ మూడో జడ్జి రాసింది ఐదుసార్లు చదివింది. ఆ తర్వాతి శనివారం బస్సెక్కి మసాకా వెళ్ళింది.

సెకితొలెకో రిటైరై నాలుగేళ్ళయింది. కాఫీ మొక్కల మధ్య చిన్న ఇల్లు. మనిషి చిక్కిపోయాడు. ఆమెను చూసి కుర్చీ చూపించాడు గానీ లేవలేదు. ఆమె తీర్పు ప్రతి చేతికిస్తే, వెలుతురు కోసం గుమ్మం దాకా జరిగి, పుట పుటా చదివాడు. గంట పట్టింది.

"అప్పీల్లో నిలుస్తుందంటావా?" అన్నాడు చివరికి.

"తెలీదన్నా. ఆ నవ్వు ఇంకా నాకు అర్థం కాలేదు."

"ఏ నవ్వు?"

"ఆ రోజు అద్దాల తలుపు బయట ఆయన నవ్వింది."

"కూతురితో మాట్లాడుతూ నవ్వాడేమో. అన్నిటికీ అనుమానమే నీకు." ఆయన కాగితాలు జాగ్రత్తగా మడిచాడు. "భోజనశాలలో నువ్వన్నమాట నేను మర్చిపోలేదు. ఆ తర్వాత మూడేళ్ళు పనిచేశాను. నా వెనక ఎవరైనా గుసగుసలాడితే చేప గురించే అనుకునేవాణ్ణి."

"ఆ రోజు అక్కడున్నవాళ్ళందరికీ నిజం చెప్పాను అన్నా. ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వెళ్ళి చెప్పాను."

"చెప్పావని విన్నాను. నమ్మినవాళ్ళు నమ్మారు." ఆయన లోపలికి చూసి భార్యను కేకేశాడు. "ఉత్తరాది నుంచి చుట్టం వచ్చింది, ఇంకో పళ్ళెం పెట్టు." తర్వాత లన్యేరో వైపు తిరిగి, ఈ మాట ఎలా తీసుకుంటుందోనన్నట్టు ఆమె కళ్ళలోకే చూస్తూ అన్నాడు. "నిన్ను క్షమించానో లేదో నాకే సరిగ్గా తెలీదు. ఆకలిగా ఉంటే మాత్రం తిని వెళ్ళు."

లన్యేరో చేతులు కడుక్కోవడానికి లేచింది.